కొలువు విడిచిన జవానుకు శిక్ష ఎంత ఉండాలి?

అమెరికాలోని మన సంఘం ప్రతి డిసెంబరులో స్వదేశంలో జరిపే సేవా కార్యక్రమాలలో భాగంగా ఈసారి తిరుపతిలో మాజీ సైనికులకూ, జవానుల తల్లిదండ్రులకూ సత్కారం ఏర్పాటు చేసిన సంగతి సభ్యులందరికీ తెలిసినదే. ఆ సభలో జరిగిన ఒక సంఘటన గురించి మన పత్రికలో అచ్చయిన నివేదికలో ఒక్క ముక్క కూడా లేదు. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక వృద్ధురాలి పేరును వేదిక మీద నుంచి పిలిచారు. యూనిఫాంలో ఉన్న కొడుకు ఫోటోను పాలిథీన్ కవరులో చుట్టి, దాన్ని రొమ్ముకు ఆనించుకుని ఆమె మెట్లెక్కింది. శాలువా విప్పి పట్టుకున్న సమయంలో నిర్వాహకులలో ఒకరు వచ్చి అధ్యక్షుని చెవిలో ఏదో చెప్పారు. ఆమె కొడుకు సెలవు మీద వచ్చి మళ్లీ యూనిట్‌కు వెళ్లలేదనీ, సైన్యం లెక్కలలో అతడు భగోడా, అంటే పారిపోయినవాడు అనీ ఆ ఊరివారే ఎవరో చెప్పారట. “అమ్మా, మీరు కాసేపు కింద కూర్చోండి” అన్నారు. ఆమె దిగి వెళ్లి కూర్చుంది. అదే శాలువాను తరువాత పిలిచిన వారికి కప్పారు. ఆ పిమ్మట మాట్లాడిన వక్త, కొలువు విడిచి పారిపోయినవాణ్ని గోడకు నిలబెట్టి కాల్చాలన్నప్పుడు మండపమంతా చప్పట్లు మోగాయి. ఆ తల్లి మూడో వరుసలోనే ఉంది.

అంతటితో ఆగలేదు. కార్యవర్గం జూమ్‌లో సమావేశమై, జవానుల పిల్లలకు మనం ఇచ్చే ఉపకార వేతనాల దరఖాస్తులో ఒక కొత్త షరతు చేర్చింది. కుటుంబంలో సైన్యం నుంచి పారిపోయినవారు ఎవరూ లేరని సంతకం చేసి ఇవ్వాలట. ఆ చప్పట్లూ ఈ షరతూ ఒకే అభిప్రాయంలో నుంచి పుట్టాయి. ఎక్కడి నుంచి వెళ్లినా, ఎందుకు వెళ్లినా, ఎన్నాళ్లకు తిరిగివచ్చినా కొలువు విడవడం ఒక్కటే నేరమనీ, దానికి ఒక్కటే శిక్ష అనీ మనవారు అనుకుంటున్నారు. సైన్యం మాత్రం అలా అనుకోవడం లేదు.

సైనికుడు కొలువు విడిచి వెళ్లడాన్ని తేలికగా తీసుకోండని నేను అడగడం లేదు. చిత్తూరు జిల్లాలో పుట్టినవారికి ప్రమాణం విలువ ఒకరు చెప్పనక్కరలేదు. కోనేటిలో మునిగి, తడిబట్టలతో కాణిపాకం వినాయకుని ఎదుట నిలబడి అబద్ధమాడడానికి మన పెద్దలు వణికేవారు. శిక్షణ ముగిసిన రోజున జెండా ముందు, తన మతగ్రంథం సాక్షిగా జవాను చేసే కసమ్ కూడా అంతటిదే. కొద్దిమంది ఉండే మంచుకొండ కాపలా పికెట్‌లో ఒకడు రాత్రికి రాత్రి వెళ్లిపోతే మిగిలినవారికి పహరా పెరుగుతుంది, నిద్ర తగ్గుతుంది, అతడు కాపలా కాయవలసిన దిక్కున ఎవరూ ఉండరు. 2009 జూన్ 30న అఫ్గానిస్తాన్‌లో శిబిరం విడిచి వెళ్లిన బో బర్గ్‌డాల్ అనే అమెరికన్ సైనికుణ్ని వెదకబోయిన సహచరులు గాయపడ్డారు. ఒకరికి తలలో తూటా దిగి, జీవితమే తలకిందులైంది. బర్గ్‌డాల్ దాదాపు ఐదేళ్లు తాలిబన్ చెరలో గడిపిన మాట నిజమే. 2017లో సైనిక న్యాయమూర్తి అతణ్ని జైలుకు పంపకుండా, అగౌరవకరంగా తొలగించి, జరిమానా వేసి వదిలిపెట్టినప్పుడు ఇక్కడ చాలామందికి కోపం వచ్చింది. 2023లో మరో న్యాయమూర్తి ఆ తీర్పునూ కొట్టివేశారు. గాయపడిన వారి పక్షాన వచ్చిన కోపాన్ని నేను కాదనలేను. శత్రువు ఎదుట ఉండగా, తోటివారి ప్రాణం తన చేతిలో ఉందని తెలిసి వెళ్లిపోయినవాడికి కఠినమైన జైలు శిక్ష పడవలసిందే.

అయితే మన భారత సైనిక చట్టం ఈ నేరాన్ని ఎలా తూచిందో చూడండి. 1950 నాటి ఆ చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం యాక్టివ్ సర్వీసులో, అంటే శత్రువుకు ఎదురుగా సాగే సైనిక చర్యల విధిలో ఉండగా, లేదా అందుకు ఉత్తర్వులు అందిన తరువాత పారిపోతే మరణశిక్ష వరకూ వేయవచ్చు. ఇతర సందర్భాలలో పారిపోతే ఏడేళ్ల జైలు దాటదు. సెలవు మీరి ఉండిపోయినవాడి సంగతి వేరే సెక్షన్‌లో, 39లో ఉంది. అక్కడ గరిష్ఠ శిక్ష మూడేళ్లు. మనిషి 30 రోజులు కనబడకపోతే విచారణ జరిపి నమోదు చేస్తారు, ఆ తరువాత కూడా లొంగిపోకపోతే, దొరకకపోతే అతణ్ని పారిపోయినవాడిగా లెక్కిస్తారు. ఆ లెక్కతో నేరం రుజువైనట్టు కాదు. తిరిగి రాకూడదన్న ఉద్దేశం ఉంటేనే గైరుహాజరీ పారిపోవడం అవుతుందని సుప్రీంకోర్టు 1986లో ఒక కెప్టెన్ కేసులో చెప్పింది. మరొక విశేషం 122వ సెక్షన్‌లో ఉంది. యాక్టివ్ సర్వీసులో కాకుండా పారిపోయిన జవాను, ఆ తరువాత మూడేళ్లపాటు వరుసగా, ఆదర్శంగా సేవ చేసి ఉంటే ఆ నేరానికి అతణ్ని ఇక విచారించకూడదని చట్టమే చెబుతోంది. తిరిగివచ్చే దారిని చట్టం రాసినవారే తెరిచి ఉంచారు.

ఆ దారిలో నడిచి వెళ్లిన మనిషిని నేను మా ఇంట్లోనే చూశాను. పుంగనూరు దగ్గరి పల్లెలో మా అమ్మవాళ్లది కాస్త మెట్టపొలం, ఒక బావి. మా చిన్నమామ సైన్యంలో చేరి ఈశాన్య సరిహద్దులో పనిచేస్తున్న రోజులలో వార్షిక సెలవు మీద ఊరికి వచ్చాడు. ఆయన వచ్చిన కొద్దిరోజులకే తాతకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఆ అదను చూసి దాయాదులు బావి వైపు గెట్టును దున్ని తమ చేనులో కలుపుకున్నారు. మామ పెద్దమనుషులను కూర్చోబెట్టాడు, కచేరీ చుట్టూ తిరిగాడు. సర్వేయరు నేడు వస్తాడు రేపు వస్తాడన్న మాట మీద సెలవు కాస్తా అయిపోయింది. పొడిగించమని ఉత్తరం రాశాడు, జవాబు రాలేదు. జవాబు వచ్చాక వెళ్దామనుకున్నాడు, గెట్టు తేలాక వెళ్దామనుకున్నాడు, చెనక్కాయలు పెరికాక వెళ్దామనుకున్నాడు. ఆ తరువాత వెళ్లడానికే భయం పట్టుకుంది. ఆలస్యమైన ప్రతి రోజూ శిక్షను పెంచుతుందని తెలిసినవాడు ఆ శిక్షకు జడిసి ఇంకో రోజు ఆగిపోతాడు. మిలిటరీవాళ్ల నల్లటి ఇనుప పెట్టె మీద తెల్లరంగుతో నంబరు, పేరు, యూనిట్ రాసి ఉంటాయి కదా. మామ ఆ రాత ఉన్న వైపును గోడకు తిప్పి పెట్టాడు. పిల్లలం దాని మీద కూర్చుని ఆడుకోవచ్చు గాని జరపకూడదు.

ఒక మధ్యాహ్నం కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. సైన్యం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి స్టేషనుకు వచ్చిన కాగితం ఆయన జేబులో నాలుగు మడతలు పెట్టి ఉంది. తిన్నె మీద కూర్చుని అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, మామను పక్కకు పిలిచి, “నేను పట్టుకుపోతే ఒక రాత, నీ అంతట నువ్వు పోతే ఇంకో రాత. ఎల్లుండి మళ్లా వస్తాను” అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. బంధువులలో ఒకరు మామను బెంగళూరు పంపించి ఏదైనా కార్ఖానాలో పెట్టిస్తానన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. “తిన్నింది వాళ్ల ఉప్పు. పోయి నిలబడి చెప్పుకో నాయనా” అని తానే పెట్టెను ముందుకు లాగి, రాత కనబడేలా తిప్పి, బట్టలు సర్దింది. తెల్లవారి మామ కాట్పాడికి వెళ్లి రైలెక్కాడు.

యూనిట్‌లో ఆయనను 28 రోజులు యూనిట్ ఖైదులో, అంటే క్వార్టర్ గార్డ్‌లో ఉంచారు. జీతం కోశారు. రికార్డులో ఎర్రసిరా రాత పడింది, నాయక్ పదోన్నతి వెనక్కి పోయింది. అది చిన్న శిక్ష కాదు. తన తరువాత చేరినవారికి ఆయన సెల్యూట్ చేయవలసి వచ్చింది. అయితే ఆ శిక్ష వేసిన కమాండింగ్ ఆఫీసరే గెట్టు సంగతి వివరంగా కలెక్టరుకు రాశాడు. అన్ని నెలలు రాని సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాడు. మామ హవల్దారుగా పెన్షన్ తీసుకున్నాడు, ఆ పెన్షన్‌తోనే తన ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాడు. ఆయనను ఆనాడు డిస్మిస్ చేసి ఉంటే అంతకుముందు చేసిన సేవకు కూడా పెన్షన్ వచ్చేది కాదు, దాయాదులకు గెట్టు మిగిలేది.

జవాను పోస్టు విడవడంలో మన ఊళ్ల పాత్ర గురించి కూడా మాట్లాడుకోవాలి. టెలిగ్రాములు ఉన్న రోజులలో “మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ” అని కొట్టించి, బిడ్డను పెళ్లికో, జాతరకో, ఆస్తి పంపకానికో రప్పించని పల్లె లేదు. ఆ అబద్ధాల వల్లనే నిజంగా తల్లి చావుబతుకుల మీద ఉన్నవాడి విన్నపాన్ని కూడా అధికారులు అనుమానంతో చూడవలసి వచ్చింది. ఇప్పుడు టెలిగ్రాము లేదు, వాట్సాప్ ఉంది. ఆసుపత్రి మంచం మీది ఫోటో, ఏడుపు వినిపించే వాయిస్ మెసేజ్ నేరుగా పికెట్‌కు చేరుతున్నాయి. ఒకవైపు కొడుకు సరిహద్దులో ఉన్నాడని ఫ్లెక్సీ కట్టిస్తాం. మరోవైపు వాడు దూరంలో ఉన్నాడన్న ధైర్యంతోనే వాడి గెట్టు దున్నుతాం. మనం చేసే ఈ పనికి మనల్ని గోడకు నిలబెట్టమని ఎవరూ అనరు.

చావు శిక్షతో భయపెడితే సైన్యం నిలబడుతుందన్న వాదాన్ని చరిత్ర పరీక్షించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకు కాల్చి చంపిన 306 మందికి ఆ దేశమే 2006లో మరణానంతరం క్షమాభిక్ష పెట్టింది. వారిలో హ్యారీ ఫార్ అనే సైనికుడు బాంబుల మోతకు నరాలు చెడి ఆసుపత్రిలో చికిత్స పొందినవాడు. 1916లో పిరికితనం నేరం మోపి అతణ్ని కాల్చారు. ఆపైన అతడి భార్యకు పెన్షన్ ఆపేశారు. పసిబిడ్డతో ఆమె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ పసిబిడ్డే ముసలితనం వరకూ పోరాడి తండ్రి పేరును కడిగింది. బ్రిటన్ 1930లోనే ఈ నేరాలకు మరణశిక్షను రద్దు చేసింది. ఆ తరువాత వచ్చిన రెండో ప్రపంచ యుద్ధంలో అది లేకుండానే పోరాడి గెలిచింది. మనం ఉంటున్న ఈ దేశపు సైన్యం 1945 జనవరి 31న ఫ్రాన్స్‌లో ఎడ్డీ స్లోవిక్ అనే తన సైనికుణ్ని కాల్చిన తరువాత ఈ నేరానికి మరొకరిని చంపలేదు. మన 38వ సెక్షన్‌లోని మరణశిక్ష మాటను పార్లమెంటు తొలగించాలని నేను కోరుకుంటున్నాను. శత్రువు ఎదుట పారిపోయినవాడికి దీర్ఘకాల జైలు, తొలగింపు చాలు.

ఇక శాంతికాలంలో సెలవు మీరి, తనంతట తాను తిరిగివచ్చినవాడికి యూనిట్‌లోనే శిక్ష వేసి, జీతం కోసి, పదోన్నతి ఆపి, కొలువులో ఉంచాలి. పట్టుబడినవాడికీ, లొంగిపోయినవాడికీ తేడా కనబడేంత ఉండాలి. లేకపోతే ఏ తల్లీ కొడుకును రైలెక్కించదు. మనసు చెదిరి వెళ్లినవాణ్ని విచారణకు ముందే వైద్యునికి చూపించాలి. పదేళ్లకు పైగా మచ్చ లేకుండా పనిచేసినవాణ్ని తొలగించక తప్పని పరిస్థితి వచ్చినా, పెన్షన్ విషయంలో అతడి భార్యాబిడ్డల గతి కూడా ఆలోచించాలి.

కుటుంబం మాటకు వస్తే, 2024 జూలై వరకూ అమలులో ఉన్న భారత శిక్షా స్మృతిలోని 136వ సెక్షన్ చూడండి. పారిపోయిన సైనికునికి ఆశ్రయమిచ్చిన పౌరులకు రెండేళ్ల వరకూ జైలు వేయవచ్చునన్న ఆ సెక్షన్, భర్తకు ఆశ్రయమిచ్చిన భార్యను మాత్రం మినహాయించింది. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ జీవిత భాగస్వామికి ఆ మినహాయింపు ఉంది. తల్లికి లేదు. ఆనాడు వేదిక మీది నుంచి మనం దింపిన ఆమె, కొడుకు ఇంటికి వస్తే అన్నం పెట్టడానికి కూడా భయపడవలసిన మనిషి. ఆమె మీద చట్టం మోపిన బరువు చాలదని మనం ఇంకొంత మోపాం. తండ్రి కొలువు విడిచాడని పదో తరగతి పిల్ల చదువుకు డబ్బు ఆపడం ఏ కోర్టు మార్షల్‌లోనూ లేని శిక్ష.

కనుక కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఆ షరతును దరఖాస్తు నుంచి తొలగించండి. శాలువాలకూ, వేదిక అలంకరణకూ పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, చిత్తూరు, తిరుపతి ప్రాంతాల జవాను కుటుంబాల భూతగాదాలు చూడడానికి ఒక న్యాయవాదిని నియమించండి; జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంతో కలిసి పనిచేస్తే కమాండింగ్ ఆఫీసరు రాసే ఉత్తరం కచేరీలో మూలపడకుండా చూడవచ్చు. శిక్ష అన్యాయమని భావించేవారు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లడానికి దారి చూపండి. తిరిగి వెళ్లాలని ఉండీ భయపడుతున్న కుర్రవాడికి తోడుగా యూనిట్ దాకా వెళ్లడానికి మాజీ సైనికులు కొందరు సిద్ధంగా ఉన్నారు. వారికి రైలు ఖర్చు మనం ఇవ్వగలం. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ మేరకు తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. బలపరచదలచిన సభ్యులు సమావేశానికి ముందే కార్యదర్శికి తమ పేర్లు రాసి పంపవలసిందిగా కోరుతున్నాను.