వచ్చేదే తప్ప పోయేది కనబడని నివేదిక గారికి

ఎయిర్‌పోర్టు ఆర్థిక ప్రభావ నివేదిక గారూ,

నమస్కారాలు. కొత్త టెర్మినల్ మాట పుట్టగానే రంగుల గ్రాఫులతో తమరు దిగిపోతారు. తమ కూలి ఇచ్చేది కూడా సాధారణంగా ఆ ఎయిర్‌పోర్టే కాబట్టి, పెళ్లివారి తరఫు పురోహితుడిలా మంచి ముహూర్తమే చెబుతారు.

తమ ఉద్యోగాల లెక్క ముచ్చటైనది. వెయ్యి మంది మూడేళ్లు కాంక్రీటు పోస్తే అది 3,000 ‘పని సంవత్సరాలు’. లోపలి పట్టికలో అలాగే ఉంటుంది. మొదటి పేజీకొచ్చేసరికి సంవత్సరాలు రాలిపోయి 3,000 ఉద్యోగాలు మిగులుతాయి. బస్టాండు దగ్గర తిరిగే టాక్సీ ఎయిర్‌పోర్టు లైన్లోకి మారితే అదీ కొత్త ఉపాధే! బస్టాండులో తగ్గిన బండి తమ పరిధిలోకి రాదు కాబోలు.

ఇక మల్టిప్లయర్, అంటే ఒక ఖర్చు చేతులు మారుతూ మొత్తం ఎంతకు పెరుగుతుందో చెప్పే గుణకం. ఖర్చయిన ప్రతి 100లో 60 మళ్లీ ఊళ్లోనే తిరుగుతాయని తమ ఊహ. 100, 60, 36, 21.6... అలా కూడుకుంటూ పోతే 250. విమానం అద్దె లీజు కంపెనీకి, ఇంజిన్ మరమ్మతు బిల్లు ఇంకో దేశానికి, ఇంధనం డబ్బు ఎక్కడి రిఫైనరీకో పోగా ఊళ్లో నిలిచేది 20 మాత్రమే అనుకోండి. అప్పుడు 100, 20, 4... లెక్క 125 దగ్గర చతికిలబడుతుంది. అయినా దేశం మొత్తానికి కట్టిన మల్టిప్లయర్‌ని చిన్న ఊరికి తొడుగుతారు, తాత చొక్కా మనవడికి వేసినట్టు.

దిగిన పర్యాటకుల ఖర్చు పైసాతో సహా రాస్తారు. ఇక్కడ విమానమెక్కి వెళ్లి బయట డబ్బు వదిలించుకునేవాళ్ల మాటే ఉండదు.

మోత సంగతీ అంతే. డే-నైట్ సగటు కొలతలో రాత్రి శబ్దానికి 10 డెసిబెల్స్ కలుపుతారు. అంటే శబ్ద శక్తిని పదింతలు చేసినట్టే కాబట్టి, అర్ధరాత్రి దిగిన ఒక్క విమానం పగటి పదింటితో సమానం. తమ లెక్కలో మాత్రం అది ఒక అదనపు ల్యాండింగ్ ఫీజు.

కెనడాలో మాంట్రియల్ దగ్గర మిరాబెల్ ఎయిర్‌పోర్టు గుర్తుందా? దాదాపు 97 వేల ఎకరాలు సేకరించి 1975లో తెరిచారు. అనుకున్న రద్దీ రాలేదు. 2004లో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, తర్వాత టెర్మినల్‌నే కూల్చేశారు. సేకరించిన భూమిలో చాలా భాగం తిరిగి ఇచ్చేశారు.

చెప్పుకోడానికి నిజాలు లేవా అంటే ఉన్నాయి. ప్రపంచ వాణిజ్యంలో విమానమెక్కే సరుకు పరిమాణంలో 1 శాతం కూడా ఉండదు, విలువలో మాత్రం దాదాపు మూడో వంతు. చిప్పులు, టీకాలు, వాడిపోయే పూలు అలాగే వెళ్తాయి. దాన్ని కూడా మల్టిప్లయర్‌తో గుణించకుండా ఉండలేరా?

ఈసారి వచ్చేటప్పుడు ‘ఎయిర్‌పోర్టు లేకపోతే’ అని ఒక్క నిలువు వరస గీసుకుని రండి. రెంటికీ తేడా ఎంతో మేమే తీసుకుంటాం.

ఇట్లు,
తమ ఫుట్‌నోట్లు చదివేవాళ్లు