మూడు గుంతలకి కొత్త చోటు కావాలట!

జెర్సీ సిటీ, ఆదివారం. లిబర్టీ స్టేట్ పార్కులో పులిహోర డబ్బా మూత తీశాం. చుట్టూ చాపకి చాప ఆనుకుని జనం. ఆ పక్కన లిబర్టీ నేషనల్ గోల్ఫ్ క్లబ్. అంత పచ్చికలో ఎంతమంది? నలుగురు, ఓ బుల్లి బండి! సభ్యులు మన్‌హట్టన్ నుంచి పడవలో దిగుతారట. మహారాజులు!

సరే, డబ్బుంది, కట్టుకున్నారు. 2006 నుంచి ఆడుకుంటున్నారు. మరి పార్కులోని కేవెన్ పాయింట్ మీద కన్నెందుకండీ? వలస పక్షులు వాలే చోటది. పిల్లలు ఇసుకలో పీతల్ని వెతుక్కునే ఒడ్డు. 20 ఎకరాలకు పైగా అడిగారు, మూడంటే మూడు హోల్స్ (గుంతా, దాని దాకా బంతి కొట్టే పచ్చికా) అక్కడికి మార్చడానికి! ఉన్న 18 ఉన్నచోటే ఆడుకోలేరా? పైగా పేరులో 'లిబర్టీ' ఒకటి. ఎవరికో?

2018లో న్యూజెర్సీ ప్రభుత్వం ఆ స్థలం క్లబ్‌కిచ్చే ఒప్పందం ఆపింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పీతలకీ సభ్యత్వం అడిగేవారు.