ముందు కాగితాల లక్ష్యం పెట్టుకోండి

నాలాంటి స్థలాల ఏజెంట్లు మూడు నెలలకు ఇన్ని ప్లాట్లు అమ్మాలని లక్ష్యం రాసిపెట్టుకోమన్నారు ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో. అమ్మకం మన చేతిలో ఉండదండీ, కాగితాలు చూడటం ఉంటుంది. ఒడిశాలోని మా రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక నియమాలున్న ప్రాంతం. 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి ఇతరులు రాయించుకోవడం కుదరదు. ఆషాఢంలో మనవాళ్లు ఎలాగూ రిజిస్ట్రేషన్ పెట్టుకోరు. అందుకే జులై నుంచి సెప్టెంబరు దాకా నా లక్ష్యం ఒక్కటే: ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో ఒక్కో ఖాతా తీసి, పాత పట్టాలో పేరు ఎవరిదో చూసి, సరిగ్గా ఉంటేనే నోటుబుక్కులో ఎర్ర టిక్కు పెట్టడం. కిందటేడు పన్నెండు స్థలాలు చూసి మూడు వదిలేశాను. వాటిలో ఒకదానికి రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకాయన అడ్వాన్సు కూడా తెచ్చారు. ఆ డబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు చాలా టెన్షన్ పడ్డాను, ఇంట్లో ఖర్చులు అలా ఉన్నాయి. దసరా వెళ్లాక ఆయనే తన తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చారు, "బాబూ, నువ్వు టిక్కు పెట్టింది చూపించు" అంటూ.