సింహాసనానికి విడుదల దస్తావేజు

ప్రేమ కోసం రాజ్యం వదులుకున్న మహానుభావుడని బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్‌ను లోకం దాదాపు తొంభై ఏళ్ళుగా నెత్తిన పెట్టుకుంటోంది. విశాఖలో రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగిన వాళ్ళెవరూ ఈ మాట ఒప్పుకోకూడదు. 1936 డిసెంబరు 10న ఆయన సంతకం పెట్టిన కాగితం సంగతి చూడండి. సింహాసనం మీద తనకూ, తన తర్వాతి సంతానానికీ ఏ హక్కూ వద్దని రాసిచ్చాడు. కింద సాక్షులుగా ముగ్గురు తమ్ముళ్ళ సంతకాలు. మన దస్తావేజు లేఖరిని అడిగితే దీన్ని విడుదల దస్తావేజు అంటాడు. ఆస్తి దక్కుతున్న తమ్ముడే సాక్షి సంతకం పెట్టడం ఒక్కటే అందులో లోపం. మనవాళ్ళైతే ఆ పనికి బావమరిదిని పిలిచేవారు.

పంపకాలు కూడా పద్ధతిగానే జరిగాయి. బాల్మోరల్, శాండ్రింగ్‌హామ్ ఎస్టేట్లు కిరీటంతో పాటు వెళ్ళేవి కావు, సొంత ఆస్తి. వాటిని తమ్ముడికి అమ్మాడు, ఊరికే వదిలెయ్యలేదు. పైగా ఏటా ఇంత అని భత్యం మాట్లాడుకున్నాడు. బేరం దగ్గర తన చేతిలో పెద్దగా డబ్బు లేదన్నాడు, బాగానే ఉందని తర్వాత తేలింది. ఊరు దాటాక కూడా ఈ డబ్బు గొడవ మీద ఒకటే ఫోన్లు. ఆ ఫోన్ ఇక కలపొద్దని చివరికి తమ్ముడు చెప్పుకోవాల్సి వచ్చింది. మన అక్కయ్యపాలెం అన్నదమ్ములకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

పెళ్ళి సంగతికొస్తే, ఆయన ప్రేమించిన వాలిస్ సింప్సన్ అమెరికా ఆవిడ. ఒక విడాకులు అయిపోయాయి, రెండోవి కోర్టులో నడుస్తున్నాయి. రాజు ఇంగ్లండ్ చర్చికి పెద్ద. మాజీ భర్తలు బతికుండగా మళ్ళీ పెళ్ళికి ఆ చర్చి అప్పట్లో ఒప్పుకునేది కాదు. ప్రధాని బాల్డ్విన్ ససేమిరా అన్నాడు. రాణి హోదా లేకుండా ఉత్త భార్యగా ఉంటుందని మధ్యేమార్గం చెబితే అదీ కుదరదన్నారు. 1937 జూన్ 3న ఫ్రాన్సులో పెళ్ళయింది. పెళ్ళికొడుకు అన్నదమ్ముల్లో ఒక్కడూ రాలేదు. వదినగారికి ‘రాయల్ హైనెస్’ బిరుదు లేదని తమ్ముడు ముందే తేల్చేశాడు. మన దగ్గర లేచిపోయేవాళ్ళు జనరల్ టికెట్ తీసుకుని పలాస పాసింజర్ ఎక్కుతారు. ఈయనను దేశం దాటించడానికి ఫ్యూరీ అనే యుద్ధనౌక వచ్చింది. నేవీ ఊరివాళ్ళం, ఈ తేడా మనకి చెప్పక్కర్లేదు.

అన్నట్టు, రాజుగా ఉన్న 326 రోజులూ మన చక్రవర్తి కూడా ఆయనే. ఆయన బొమ్మతో రూపాయి మన చేతికి రాకముందే దిగిపోయాడు. తర్వాత ఎక్కిన తమ్ముడి అసలు పేరు ఆల్బర్ట్. సింహాసనం ఎక్కుతూ తండ్రి పేరే పెట్టుకుని ఆరో జార్జి అయ్యాడు. ఆ తండ్రి పేరుతోనే 1923 నుంచి మన కేజీహెచ్, అంటే కింగ్ జార్జి ఆసుపత్రి, నడుస్తోంది. కింగ్ జార్జి అంటే ఏ జార్జి అని ఓపీ చీటీ క్యూలో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఇక అసలు అన్యాయం. రాజ్యం కోసం ప్రేమను వదులుకున్నవాళ్ళ ఊసు చరిత్రలో ఎక్కడైనా ఉందా? మన ఊళ్ళో వీధికొకడు దొరుకుతాడు. మధురవాడలో రెండు వందల గజాల సైటు, గాజువాకలో రెండు పోర్షన్ల ఇల్లు, స్టీల్ ప్లాంట్‌లో పర్మనెంటు ఉద్యోగం ఉన్న కాబోయే మామగారు. ఇవి చూసి, ఏయూలో మూడేళ్ళు పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయికి ‘మా ఇంట్లో ఒప్పుకోరు’ అని ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టి, బ్లూ టిక్కులు పడకముందే నంబరు బ్లాక్ చేసిన త్యాగశీలి ఎంత టెన్షన్ పడి ఉంటాడు! గద్దె దిగాక ఎడ్వర్డ్ మాట్లాడినట్టు రేడియోలో మాట్లాడే అవకాశం కూడా అతనికి ఎవరూ ఇవ్వలేదు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం. బీచ్ రోడ్డులో ఇన్ని విగ్రహాలున్నాయి, ఈ త్యాగశీలికీ ఒకటి పెట్టించాలి. ఒక చేతిలో సైటు కాగితాలు, ఇంకో చేతిలో వేరే అమ్మాయితో తన శుభలేఖ. ఎవరి మొహం పెట్టాలన్న దగ్గరే చిక్కు. ఎవరి మొహం పెట్టినా, మిగతావాళ్ళు కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకోవడం ఖాయం.