కుట్టుగది కనిపించని జీవితకథ

ఒక మనిషి తన గతంలో ఏ భాగాన్ని బతికినన్నాళ్లూ దాచిపెట్టారో, సరిగ్గా ఆ భాగాన్నే తెరకెక్కించడం సాహసం. 2009లో వచ్చిన ఫ్రెంచి చిత్రం ‘కోకో బిఫోర్ షానెల్’ ఆ సాహసం చేసింది. ‘కోకో’ పేరుతో ప్రసిద్ధురాలైన ఫ్రెంచి దుస్తుల రూపకర్త గాబ్రియెల్ షానెల్ 1883 ఆగస్టు 19న ఫ్రాన్స్‌లోని సోమ్యూర్ పట్టణంలో, సన్యాసినులు పేదల కోసం నడిపే ధర్మాసుపత్రిలో పుట్టారు. తండ్రి ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే చిరువ్యాపారి. 1895లో తల్లి కన్నుమూయగానే ఆయన ఆడపిల్లలను ఒబాజీన్‌లోని కాన్వెంటు అనాథాశ్రమంలో వదిలి వెళ్లిపోయారు. మగపిల్లలు పొలం పనులకు చేరారు. పేరు ప్రతిష్ఠలు వచ్చాక షానెల్ ఈ సంగతులను ఎవరికీ ఉన్నదున్నట్టు చెప్పలేదు. తండ్రి అదృష్టం వెతుక్కుంటూ అమెరికా వెళ్లారని, తనను బంధువులైన ఆడవాళ్లు పెంచారని చెప్పుకొన్నారు. జీవితచరిత్ర రాయాలని వచ్చిన రచయితలకు ఆమె చెప్పిన కథలు ఒకదానితో ఒకటి పొసగలేదు. దర్శకురాలు ఆన్ ఫోంతేన్ అనాథాశ్రమం ముంగిట బండి ఆగడంతోనే సినిమాను మొదలుపెట్టి, ఆ కల్పనలన్నిటినీ ఆదిలోనే పక్కన పెట్టారు. అందుకు ఆమెను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాం.

ఈ చిత్రంలో మరో సుగుణం చూపు. షానెల్ పాత్ర ధరించిన ఓద్రే తొతూ చాలా సన్నివేశాల్లో ఏమీ మాట్లాడకుండా, ఎదుటివాళ్ల బట్టలను పట్టిపట్టి చూస్తూ ఉంటారు. సన్యాసినుల నల్లని వస్త్రాలు, తెల్లని తలముసుగులు, గుర్రపుస్వారీ చేసే మగవాళ్ల కోట్లు, సముద్రతీరంలో జాలర్ల చారల చొక్కాలు ఆ చూపులో ఒక్కొక్కటిగా చేరుతూ, అలంకారాలన్నీ తీసేసిన ఒక కొత్త దుస్తుల తీరుకు బీజాలుగా మారడాన్ని ప్రేక్షకులు వివరణ అక్కర్లేకుండానే గ్రహిస్తారు. ఈ చిత్రానికి దుస్తులు సమకూర్చిన కాథరిన్ లెతెరియేకు ఫ్రాన్స్ సినీరంగపు ప్రతిష్ఠాత్మక పురస్కారం సెజార్ దక్కడం అన్ని విధాలా సముచితం.

అయితే చూపు ఒక్కటే ఎవరినీ దుస్తుల రూపకర్తగా చేయదు. చేతికి పని రావాలి, ఆ పనికి ఒక చోటు, తోడు నిలిచే మనుషులు, అప్పుగా వచ్చే డబ్బు, దాటవలసిన నిబంధనలు ఉంటాయి. ఫోంతేన్ చిత్రం బలహీనపడింది ఇక్కడే. మూలాన్ పట్టణంలో షానెల్ బట్టల దుకాణంలో కుట్టుపని చేయడం, సాయంత్రాలు సైనికులు నిండిన కేఫ్‌లో పాటలు పాడడం కొంత చూపినా, సినిమాలో సింహభాగం అశ్వప్రియుడైన ధనికుడు ఎతియెన్ బల్సాన్ భవంతిలోనూ, ఆ తర్వాత ఇంగ్లిషువాడైన ఆర్థర్ కేపెల్ ప్రేమలోనూ గడిచిపోతుంది. ఆ ఇద్దరి అండ లేకుండా ఆమె కథ లేదన్నది నిజమే. ఆ అండ దొరికిన తరువాత ఆమె ఏం చేశారన్నదే అసలు కథ అని మా అభిప్రాయం.

1910లో పారిస్‌లోని కాంబోన్ వీధి 21వ నంబరు భవనంలో ఆమె తెరిచింది టోపీల దుకాణం మాత్రమే. అదే భవనంలో అప్పటికే దుస్తులు కుట్టే మరొకరు వ్యాపారం చేస్తున్నందున, ఆమెకు అక్కడ గౌన్లు కుట్టి అమ్మే వీలు లేకపోయింది. టోపీల పనిలోనూ ఆమెకు పూర్తి శిక్షణ లేదు. అందుకే ఆ పనిలో ఆరితేరిన లూసియెన్ రబాతేను తెచ్చుకున్నారు. 1913లో సముద్రతీర విహారకేంద్రమైన డోవిల్‌లో రెండో దుకాణం తెరిచినప్పుడు, ఆమె తయారుచేసిన దుస్తులు వేసుకుని చెల్లెలు ఆంత్వానెత్, దాదాపు తన ఈడుదే అయిన మేనత్త అద్రియెన్ వీధుల్లో తిరుగుతూ ఉంటే, వాళ్లను చూసిన సంపన్న స్త్రీలు దుకాణానికి వచ్చేవారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి మేలిరకం బట్టకు కరవు ఏర్పడ్డాక, అప్పటివరకు ఎక్కువగా మగవాళ్ల లోదుస్తులకు వాడే జెర్సీ బట్టను రోదియే మిల్లు నుంచి కొని, దానితో స్త్రీల దుస్తులు కుట్టించారు. సాగే గుణమున్న ఆ బట్ట బిగుతైన కోతకు లొంగదు. వదులుగా, సూటిగా ఉండే ఆకృతి అందులోంచే వచ్చింది. 1915లో బియారిట్జ్‌లో మరో శాఖ తెరిచేనాటికి ఆమె యజమానురాలు, ఆమె కింద పెద్ద సంఖ్యలో కుట్టుపనివాళ్లు ఉన్నారు.

ఇందులో ఏ ఒక్క మలుపు తీసుకున్నా ఒక మంచి సన్నివేశం అవుతుంది. చిత్రంలో అద్రియెన్ మేనత్త కాదు, అక్కచెల్లెళ్లలో ఒకరు. ఆంత్వానెత్ అసలు కనిపించరు. పాత్రలను కలిపేసే స్వేచ్ఛ కథకులకు ఉంటుందని ఒప్పుకుంటాం. కానీ ఆ స్వేచ్ఛ వల్ల కథలోంచి తొలగిపోయిన మనిషి, దుకాణంలో షానెల్ పక్కన నిలబడి పనిచేసిన చెల్లెలే కావడం మాకు బాధ కలిగించింది. తోడు లేకుండా ఎదిగిన ప్రతిభావంతురాలు అనే చిత్రణ చూడడానికి బాగుంటుంది. అది చరిత్ర కాదు. నడుమును బిగించే లోదుస్తు కార్సెట్‌ను విడిచిపెట్టినవారిలో ఆమే మొదటివారన్న భావన కలగడం కూడా ఇలాంటిదే. అంతకుముందే మరో దుస్తుల రూపకర్త పాల్ ప్వారే ఆ దారి తొక్కారు. రూపకర్త మాడ్లెన్ వియొన్నే కూడా అదే ఆలోచనతో పనిచేశారు. ఆ పోటీదారుల మధ్య నిలబెట్టి చూపితేనే షానెల్ ప్రత్యేకత ఏమిటో తెలుస్తుంది.

డబ్బు విషయంలో షానెల్ స్వయంగా చెప్పిన ఒక ఉదంతం ఉంది. వ్యాపారం లాభాల్లో నడుస్తోందని ఆమె సంబరపడుతున్నప్పుడు, బ్యాంకు డబ్బిస్తున్నది తన హామీని చూసేనని కేపెల్ చెప్పారట. ఆ మాటకు కుపితురాలైన ఆమె మర్నాడు దుకాణానికి వెళ్లి, ఇక ఒక్క పైసా వృథా కావడానికి వీల్లేదని ఆదేశించి, ఆ అప్పు తీరేదాకా పట్టుబట్టి పనిచేశారట. తన గురించి తాను కథలు అల్లుకున్న మనిషి చెప్పిన ఉదంతం కాబట్టి అక్షరాలా నమ్మనక్కర్లేదు. అయినా ప్రేమించినవాడికి రుణపడి ఉండలేని ఆ పట్టుదలలో ఆమె స్వభావం ఎంత స్పష్టంగా ఉందో, చిత్రంలోని వియోగ సన్నివేశాలన్నీ కలిసినా అంత స్పష్టంగా చూపలేకపోయాయి.

ఇంకొక సంగతి ప్రస్తావించక తప్పదు. షానెల్ పేరుతో నేటికీ నడుస్తున్న సంస్థ ఈ చిత్రానికి సహకరించింది. అదే ఏడాది తొతూ ఆ సంస్థ ప్రసిద్ధ పరిమళం నంబర్ 5 ప్రకటనలోనూ నటించారు. ఇందులో తప్పు పట్టడం లేదు. పాత దుస్తులు, దస్తావేజులు ఆ సంస్థ భద్రపరచినవే కాబట్టి, అవి కావాలంటే అక్కడికే వెళ్లాలి. కానీ ఇలాంటి సహకారం ఎలాంటి సినిమాకు దారితీస్తుందో ప్రేక్షకులకు తెలిసి ఉండాలి. 2014లో మరో ఫ్రెంచి దుస్తుల రూపకర్త ఇవ్ సాఁ లోరాన్ జీవితంపై ఫ్రాన్స్‌లో రెండు సినిమాలు వచ్చాయి. ఆయన జీవిత, వ్యాపార భాగస్వామి పియెర్ బెర్జే ఆశీస్సులున్న చిత్రంలో అసలైన దుస్తులు కనిపించాయి. ఆ ఆశీస్సులు లేని దర్శకుడు బెర్త్రాన్ బొనెల్లో తన చిత్రానికి దుస్తులన్నీ మళ్లీ కుట్టించుకోవలసి వచ్చింది. అలా కుట్టించుకున్న చిత్రంలోనే కుట్టుగది, అందులోని స్త్రీల చేతులు, పనిలోని ఒత్తిడి ఎక్కువ ప్రాణంతో కనిపించాయని మేము భావిస్తున్నాం.

పేరు రాకముందటి జీవితాన్నే చూపుతామని శీర్షికలోనే చెప్పుకొన్న చిత్రాన్ని, తర్వాతి సంగతులు చూపలేదని నిలదీయడం న్యాయం కాదని కొందరు అంటారు. చిత్రం ఆ హద్దుకు కట్టుబడి ఉంటే మేమూ ఆ మాటే అనేవాళ్లం. 1919 డిసెంబరులో కారు ప్రమాదంలో కేపెల్ మరణించిన తర్వాత కథ ఒక్కసారిగా దశాబ్దాలు దూకుతుంది. అద్దాల మెట్ల మీద కూర్చున్న షానెల్ ముందు నుంచి, ఎన్నో ఏళ్ల తరువాత రూపొందిన దుస్తులు ధరించిన మోడళ్లు నడిచి వెళతారు, చప్పట్లు మోగుతాయి. హద్దు దాటి కీర్తిని తెచ్చుకున్నప్పుడు, ఆ దూకిన దశాబ్దాల్లో ఏమున్నదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. 1936 జూన్‌లో సమ్మెకు దిగిన ఆమె దగ్గరి కుట్టుపని స్త్రీలు కాంబోన్ వీధిలో ఆమెనే లోపలికి రానివ్వలేదు. 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలవగానే ఆమె దుస్తుల విభాగాన్ని మూసేయడంతో వాళ్లంతా ఉపాధి కోల్పోయారు. జర్మన్ ఆక్రమణ కాలంలో ఆమె ఒక జర్మన్ అధికారితో కలిసి రిట్జ్ హోటల్లో నివసించారు. 1941లో, యూదుల ఆస్తులను లాక్కునే చట్టాలను ఆసరాగా చేసుకుని, తన పరిమళాల కంపెనీని యూదులైన వెర్తైమర్ కుటుంబం చేతుల్లోంచి దక్కించుకోవాలని అధికారులకు లేఖ రాశారు. వీటిని దాటవేసి, మెట్ల మీది చప్పట్లను మాత్రం ఏరుకోవడం సమంజసం కాదు.

తొలినాళ్ల కథే చెప్పదలచుకున్న దర్శకులకు అందుబాటులోనే మంచి ముగింపు ఉంది. 1918లో ఆమె కాంబోన్ వీధిలోని 31వ నంబరు భవనాన్ని కొన్నారు. పదేళ్ల కిందటి దాకా మరొకరి భవంతిలో అతిథిగా తలదాచుకున్న స్త్రీ, ఇక టోపీలకే పరిమితం కావలసిన అవసరం లేని సొంత చోటికి వచ్చి చేరింది ఆ ఏడాదే.