ముందు ‘వద్దు’ అననివ్వండి, ఆసనం తర్వాత నేర్పొచ్చు

జూన్ 21, యోగా దినోత్సవం దగ్గరపడుతోందంటే చాలు, ఆడవాళ్ల హోమ్‌ల ఇన్‌చార్జ్‌లకు ఫోన్లు మొదలవుతాయి. ‘మేడం, మీ దగ్గరున్న మహిళలకు ఫ్రీగా యోగా నేర్పుతాం, ఓ గంట టైమ్ ఇవ్వండి’ అని. నల్గొండలో ఏదో క్లబ్, మహబూబ్‌నగర్‌లో ఏదో ట్రస్టు, మరోచోట రిటైరైన ఉద్యోగుల బృందం. కాదనే ధైర్యం ఏ ఇన్‌చార్జ్‌కీ ఉండదు. బ్యానర్ వస్తుంది, అరటిపండ్లు వస్తాయి, ఫొటోలు తీసే కుర్రాడు వస్తాడు. గంటన్నరలో అందరూ వెళ్లిపోతారు. మర్నాడు జిల్లా పేజీలో ‘బాధిత మహిళలకు యోగా శిక్షణ’ అని నాలుగు లైన్ల వార్త.

దీన్ని వెక్కిరించడం తేలిక, నా ఉద్దేశం అది కాదు. మొగుడి చేతిలో దెబ్బలు తిని వచ్చిన మనిషికి, అమ్మేస్తే బయటపడ్డ ఆడపిల్లకు, మత్తు నుంచి తేరుకుంటున్న తల్లికి యోగా పనికొస్తుందనే నేను నమ్ముతాను. నా పేచీ అంతా నేర్పే తీరుతోనే. షెల్టర్‌లో యోగా క్లాసంటే అక్కడి మహిళ తన ఒంటి మీద తన మాటే చెల్లుతుందని మళ్లీ తెలుసుకునే చోటు. ‘నేను చెయ్యను’ అని హాయిగా పక్కన కూర్చునే వీల్లేని క్లాసు ఎంత ఉచితమైనా ఆమెకు కీడే చేస్తుంది. అక్కడ ఆసనాలు ఎన్ని వచ్చాయన్నది లెక్కే కాదు.

నేపథ్యం అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో కానిస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింస చవిచూశారు. దేశం మొత్తం మీద ఎవరి చేతిలోనైనా శారీరక, లైంగిక హింస ఎదుర్కొన్న ఆడవాళ్లలో ఎవరి సాయమైనా అడిగింది 14 శాతమే. అంటే హోమ్ గడప దాకా వచ్చిన ప్రతి మహిళ వెనకా రాలేనివాళ్లు ఎందరో. వచ్చినవాళ్లకు, హింస బాధితుల కోసం సర్కారు నడిపే సఖి కేంద్రంలో దొరికే నీడ సాధారణంగా అయిదు రోజులు. ఆ తర్వాత పుట్టిల్లో, శక్తి సదనో, మళ్లీ అదే అత్తారిల్లో. ఒకప్పటి దిక్కులేని ఆడవాళ్ల స్వాధార్ గృహ్‌లను, అమ్మేస్తే బయటపడ్డవాళ్ల ఉజ్వల హోమ్‌లను 2022లో కలిపేసి శక్తి సదన్ అన్నారు. పేరు మారింది, పరుపులు మాత్రం చాలాచోట్ల పాతవే.

ఈ అయిదు రోజుల లెక్క ఒక్కటే చాలు మన వాలంటీర్ల పద్ధతి ఎంత అతకదో చెప్పడానికి. వారానికోసారి వచ్చే టీచర్ సఖిలో ఒక మహిళను రెండోసారి చూసే అవకాశమే తక్కువ. అయినా ‘ఇవాళ మొదటి పాఠం, వచ్చే వారం రెండో పాఠం’ అని సిలబస్ పట్టుకుని వస్తారు.

అసలు యోగా ఇలాంటి వాళ్లకు మేలు చేస్తుందనడానికి ఆధారం ఉందా? ఉంది. తీవ్రమైన మానసిక గాయం వల్ల వచ్చే పీటీఎస్‌డీ అనే జబ్బు ఏళ్ల తరబడి వేధిస్తున్న 64 మంది మహిళల మీద అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. మానసిక వైద్యుడు బెసెల్ వాన్ డెర్ కోక్ బృందం 2014లో దాన్ని ప్రచురించింది. వారానికి గంట చొప్పున పది వారాలు. చివరికి యోగా చేసిన గుంపులో 52 శాతం మంది ఆ జబ్బు నిర్ధారణ పరిధి నుంచి బయటికొచ్చారు. యోగా బదులు ఆరోగ్య పాఠాలు విన్న గుంపులో ఇది 21 శాతమే. మన యోగా సంఘాలవాళ్లు ఈ అంకె వింటే స్టేజీ ఎక్కి చెబుతారు. వాళ్లు చెప్పని సంగతులు రెండున్నాయి. ఆ మహిళలందరూ అప్పటికే చికిత్సలో ఉన్నవాళ్లు, యోగా దానికి తోడు మాత్రమే. ఇక అక్కడ నేర్పింది మన టీవీ యోగా కాదు. టీచర్ ఎవర్నీ ముట్టుకోరు. ఆజ్ఞాపించరు. ‘కావాలంటే చేతులెత్తండి, లేదంటే ఒళ్లోనే పెట్టుకోండి, రెండూ సరైనవే’ అంటారు. ఆసనం ఎంత చక్కగా వచ్చిందని చూడరు. ఎత్తాలా వద్దా అని ఆమె తనంతట తాను తేల్చుకోవడమే అక్కడ పాఠం.

మన దగ్గర ఎలా జరుగుతుందో చెబుతాను. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక హోమ్‌లో క్లాసు చూశాను. హాల్లో జంపఖానాలు పరిచారు. ఆడవాళ్లలో సగం మంది నైటీల మీద చున్నీ వేసుకుని కూర్చున్నారు, ఒకామె ఒళ్లో పసిపిల్ల. చిన్న హాలుకు అక్కర్లేకపోయినా టీచర్ మైకు పెట్టుకున్నాడు. ‘అందరూ కళ్లు మూసుకోండి. నీలం చీర, మీరేనమ్మా, కళ్లు మూసుకోండి.’ నీలం చీర కట్టుకున్నామె మూసుకోలేదు. గోడకు వీపు ఆనించి, తలుపు కనబడేటట్టు కూర్చుంది. ఆయన మళ్లీ చెప్పాడు. పక్కనున్న పెద్దావిడ, ‘ఆమెకు కండ్లు మూస్తె గుబులైతది సారూ, ఇడిసిపెట్టుండ్రి’ అంది. ఆయన నవ్వుతూ, ‘భయాన్ని జయించాలమ్మా’ అని వెనక నుంచి వచ్చి ఆమె భుజాలు సరిచెయ్యబోయాడు. ఆమె దిగ్గున లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది. అంతా అయ్యాక ఇన్‌చార్జ్ మందలించింది ఆయన్ని కాదు, ఆమెను. ‘పెద్దోళ్లు వచ్చినప్పుడు అట్ల లేచిపోతే ఎట్ల? మళ్ల వస్తరా వాళ్లు?’

ఆయన చెడ్డవాడేం కాదు. పార్కులో పొద్దున్నే నడుము నొప్పుల కోసం వచ్చేవాళ్లకు నేర్పినట్టే ఇక్కడా నేర్పాడు. పార్కులో భుజం మీద చెయ్యి వేస్తే సరిచేయడం. వెనక నుంచి ఎవరు వస్తున్నారో అని ఏళ్ల తరబడి భయపడ్డ మనిషికి అది వేరే. కళ్లు మూసుకోవడం మనకు విశ్రాంతి, ఆమెకు కాపలా వదిలెయ్యడం. లైట్లు ఆర్పేసి వెల్లకిలా పడుకోబెట్టే శవాసనం మనకు క్లాసులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. అత్యాచారం ఎదుర్కొన్న మహిళకు ఆ పడుకోవడమే భరించలేనిది కావచ్చు. లైటు వెలుగుతూ ఉంచితే, తలుపుకు గడియ పెట్టకపోతే, ‘కూర్చునే ఉండొచ్చు, గోడకు ఆనుకోవచ్చు, పక్కకు తిరిగి పడుకోవచ్చు’ అని చెబితే పోయేదేముంది? ఆడ టీచరే కావాలనడం కూడా చాదస్తం కాదు. మగ టీచర్లలో ఎంత మంచివాళ్లున్నా, ఆ గదిలో మొదటి నెల వాళ్ల అవసరం లేదు.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన జిల్లాల ఒళ్లు వేరు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చిన నడివయసు ఆడవాళ్లలో చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోయినవాళ్లు ఉంటారు. భగీరథ నీళ్లు వచ్చాయి గానీ ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ వెనక్కి పోదు. అలాంటి మనిషిని ముందుకు వంగి కాలి వేళ్లు పట్టుకోమంటే అది శిక్ష. ‘నడుము వంగుతలేదమ్మా’ అంటే ‘ప్రాక్టీస్ చేస్తే వంగుతుంది’ అనే టీచర్‌కు నల్గొండ జిల్లా గురించి ఏమీ తెలియనట్టే. కుర్చీలో కూర్చోబెట్టి మెడ, మణికట్లు, శ్వాస చూసుకునేలా చేస్తే చాలు.

పాలమూరు వైపు సమస్య మరో రకం. అక్కడ కల్లు ఆడవాళ్లు కూడా తాగుతారు, అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. చిక్కల్లా కల్తీ కల్లుతో. అందులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు. 2015లో సర్కారు కల్తీ కల్లుపై దాడులు పెంచినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులకు జనం వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చిచేష్టలు చేస్తూ వచ్చారు. మందు కలిసిన కల్లు ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్లు చేసే తిరుగుబాటు అది. అలా మానుతున్న మహిళను కూర్చోబెట్టి కపాలభాతి చేయించడం ప్రమాదం. ఫిట్స్ వచ్చినవాళ్లకు, గర్భిణులకు, బీపీ ఉన్నవాళ్లకు ఆ గట్టి శ్వాసలు వద్దని యోగా పుస్తకాలే చెబుతాయి. ముందు డాక్టరు, మందు డోసు మెల్లగా తగ్గించడం, నిద్ర. ఆ తర్వాతే చాప. యోగాతో కల్లు మాన్పించామని చెప్పుకునేవాళ్లను నేను నమ్మను.

ఫొటోల సంగతి కూడా చెప్పాలి. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. మిగతావాళ్ల విషయంలో చట్టం దాకా ఎందుకు, బుర్ర ఉంటే చాలు. మన జిల్లాల్లో ఒకరి వాట్సాప్ స్టేటస్ సాయంత్రానికి మూడు ఊళ్లు తిరుగుతుంది. ‘సేవా కార్యక్రమం’ అని పెట్టిన ఫొటోలో వెనక వరసలో పెళ్లాన్ని చూసిన మొగుడికి ఆమె ఎక్కడుందో అడగకుండానే తెలిసిపోతుంది. మొహాలు కనబడకుండా వీపుల ఫొటో తీశామంటారు. గేటు మీద హోమ్ పేరు కనబడుతూనే ఉంటుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. భరణం కేసు కోర్టులో మూలుగుతుంటే, రేషన్ కార్డు అత్తారింట్లో ఉంటే, పిల్లల టీసీ చేతికి రాకపోతే యోగా ఏం చేస్తుంది? ‘శాంతంగా ఉండు, సర్దుకో’ అని చెప్పడానికి ఇంకో దారి కాదా? పైగా ఓంకారం, సూర్య నమస్కారం అంటే క్రైస్తవ, ముస్లిం మహిళలకు ఇబ్బంది కదా? రెండో దానికి జవాబు తేలిక. శ్వాసకు మతం లేదు, మంత్రాలు లేకుండా నేర్పండి. మొదటిది నిజమే, కేసు కంటే యోగా ముఖ్యమని ఎవరన్నా అంటే తప్పు. అయితే 2005 గృహహింస చట్టం కింద మెజిస్ట్రేట్ ముందు నిలబడి, అవతలి లాయరు అరుస్తుంటే గొంతు వణక్కుండా జరిగింది చెప్పాల్సింది ఈ మహిళే. నెలల తరబడి నిద్ర లేని ఒంటితో ఆమె అది చెయ్యలేదు. యోగా ఆమెను శాంతపరచాలని నేను కోరుకోవడం లేదు. కోపాన్ని మింగకుండా నిలబడేంత ఊపిరి ఇస్తే చాలు.

ఇక నా అసలు కడుపుమంట దగ్గరికి వస్తాను. ఇలాంటి పని ఎప్పుడూ వాలంటీర్ల నెత్తినే ఎందుకు ఉంటుంది? ఆడవాళ్లకు సంబంధించిన పని అనగానే మన సర్కార్లకు అది సేవగా కనబడుతుంది. ఆశా కార్యకర్తకు ఇచ్చేది జీతం కాదట, పారితోషికం. అంగన్‌వాడీ టీచర్‌కు గౌరవ వేతనం. నెలకు 18,000 స్థిర వేతనం ఇవ్వండని ఆశాలు కలెక్టరేట్ల ముందు ఎండలో కూర్చుంటే, ‘సేవాభావం తగ్గింది’ అనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. రోడ్డు కాంట్రాక్టరును సేవాభావంతో తారు పొయ్యమని ఎవరూ అడగరు. దెబ్బతిన్న ఆడమనిషి తేరుకోవడం మాత్రం ఎవరి తీరికను బట్టో, ఎవరి పుట్టినరోజును బట్టో జరగాలి. పుట్టినరోజని చెప్పి హోమ్‌లో కేకు కోసే అలవాటు గురించి ఇంకోసారి రాస్తాను.

ఉచితంగా వచ్చే టీచర్‌తో ఇన్‌చార్జ్ గట్టిగా మాట్లాడలేదు. ‘ముట్టుకోవద్దు, ఫొటో వద్దు, మైకు తీసెయ్యండి’ అనలేదు. జీతం తీసుకునే టీచర్‌తో అనగలదు. రాకపోతే ఎందుకు రాలేదని అడగగలదు. నీలం చీర ఆమెను మందలించాల్సి వచ్చింది అందుకే. వచ్చినాయన దాత, ఆమె లబ్ధిదారు. ఆ లెక్క మారనంత కాలం ఆ హాల్లో ‘వద్దు’ అనే మాటకు విలువ ఉండదు.

డబ్బు లేదనడానికి వీల్లేదు. ఆయుర్వేదం, యోగా లాంటివి చూసే సర్కారు ఆయుష్ కేంద్రాల్లో పార్ట్‌టైమ్ యోగా శిక్షకులను ఇప్పటికే పెట్టుకున్నారు. క్లాసుకు 250 రూపాయలు. మగ శిక్షకుడికి నెలకు 32 క్లాసులు, 8,000 రూపాయలు. మహిళా శిక్షకురాలికి 20 క్లాసులు, 5,000 రూపాయలు. ఎక్కడ ఆడ టీచరు అత్యవసరమో అక్కడికి పంపడానికి మన దగ్గర ఉన్న మనిషికే గంటలు తక్కువ ఇచ్చాం! ఆమెకు రావడానికి బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు, 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు ఫ్రీయే. మిర్యాలగూడ నుంచి నల్గొండకు, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు రావడం పెద్ద కష్టమేం కాదు. నేర్పే తీరులో ఆమెకు శిక్షణ ఇవ్వడానికి రెండు పట్టణాల్లోనూ సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి, వాటి మానసిక వైద్యులను అడగొచ్చు.

వాలంటీర్లకు పని లేదని కాదు. క్లాసు జరిగే గంటా పిల్లల్ని ఎత్తుకోండి. ఒళ్లో పసిపిల్లతో ఏ తల్లీ ఊపిరి సరిగ్గా పీల్చలేదు. చాపలు కొనివ్వండి, కుర్చీలు కొనివ్వండి. కోర్టు వాయిదాకు తోడు వెళ్లండి. ఇవేవీ ఫొటోకు బాగుండవు, అదొక్కటే ఇబ్బంది.

కలెక్టర్లు, మహిళా శిశు సంక్షేమ అధికారులు చెయ్యాల్సింది మాత్రం చాలా చిన్నది. మహిళా శిక్షకురాలి 20 క్లాసుల్ని కూడా 32 చెయ్యండి. పెరిగిన 12 క్లాసుల్ని జిల్లాలోని హోమ్‌కు రాసివ్వండి. వారానికి మూడు క్లాసులవుతాయి. ఒక హోమ్‌కు నెలకు 3,000 రూపాయలు, ఏడాదికి 36,000. ఆ ఫైలు జిల్లాలో తేలకపోతే హైదరాబాద్ పంపండి, కింద సంతకం మీదే పెట్టి.