సేక్వాన్‌ని ద్రోహి అనే ముందు ఆరేళ్ళ లెక్క చూడండి

న్యూజెర్సీలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చూసే తెలుగు వాళ్ళు చాలామందే ఉన్నారు, అందులో న్యూయార్క్ జెయింట్స్ ఫ్యాన్స్‌కి లోటు లేదు, నేనూ జెయింట్స్ ఫ్యాన్‌నే. మన బ్యాచ్‌లో ఇప్పటికీ మన పాత రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ పేరు ఎత్తితే చాలు, డబ్బు కోసం ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి పోయాడు, నమ్మకద్రోహి అని మొదలుపెడతారు. 2024 అక్టోబర్ 20న అతను ఈగల్స్ జెర్సీలో మన మెట్‌లైఫ్ స్టేడియంకి వచ్చినప్పుడు జనం ఎంత ఘోరంగా అరిచారో అందరికీ గుర్తుంది. 17 సార్లు బంతి తీసుకుని 176 గజాలు పరిగెత్తాడు, మనం 28-3తో చిత్తుగా ఓడిపోయాం. ఆ అరుపులు మన ఓనర్ల బాక్స్ వైపు తిరిగి అరిచి ఉంటే నేనూ గొంతు కలిపేవాణ్ణి.

ఆట తెలియని వాళ్ళకి ఒక్క ముక్క. రన్నింగ్ బ్యాక్ అంటే బంతి పట్టుకుని నూట ముప్పై, నూట నలభై కిలోల మనుషుల మధ్యలోకి దూరే వాడు. మోకాళ్ళు, చీలమండలు అరిగిపోయే పని. ఇరవై ఎనిమిది దాటితే చాలు, వీడి పని అయిపోయిందేమో అని టీమ్‌లు అనుమానంగా చూడటం మొదలుపెడతాయి. అంటే వాడు సంపాదించుకోవాల్సిందంతా ఇరవై ఒకటికీ ఇరవై ఏడుకీ మధ్యే. సరిగ్గా ఆ ఏళ్ళనే ఈ సిస్టమ్ టీమ్ చేతిలో పెట్టేస్తుంది, నా కోపమంతా అక్కడే.

సేక్వాన్‌ని జెయింట్స్ 2018 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే తంతు) రెండో పిక్‌గా తీసుకున్నారు. ఏ టీమ్‌కి ఆడాలో కుర్రాడు ఎంచుకునే పద్ధతి లేదు, ఎవరు పిలిస్తే వాళ్ళకే. మొదటి ఏడాదే 1,307 గజాలు పరిగెత్తి ఆఫెన్సివ్ రూకీ ఆఫ్ ది ఇయర్ (దాడి వైపు కొత్త కుర్రాళ్ళలో బెస్ట్) అయ్యాడు. నాలుగేళ్ళ రూకీ కాంట్రాక్టు, మధ్యలో 2020లో మోకాలి లిగమెంట్ తెగి సీజన్ దాదాపు మొత్తం పోయింది, కోలుకుని తిరిగొచ్చాడు. ఐదో ఏడాది కూడా ఆపి ఉంచుకునే ఆప్షన్ టీమ్‌దే, వాడుకున్నారు. ఆ 2022లో 1,312 గజాలు పరిగెత్తి మనల్ని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు. ఇక ఇప్పుడైనా కూర్చుని మాట్లాడతారనుకుంటే 2023 మార్చిలో ఫ్రాంచైజ్ ట్యాగ్ తగిలించారు. ఆరో ఏడాది కూడా వాళ్ళ చేతిలోనే.

ట్యాగ్ అంటే ఏంటంటే, కాంట్రాక్టు అయిపోయిన ఆటగాణ్ణి కూడా టీమ్ ఒక ఏడాది పాటు ఫిక్స్‌డ్ జీతానికి ఆపేయొచ్చు. వేరే టీమ్‌కి అతను కావాలంటే డ్రాఫ్ట్‌లో తన రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇచ్చుకోవాలి, రన్నింగ్ బ్యాక్ కోసం అంత ఎవడిస్తాడు? కాబట్టి కాగితం మీద తలుపు తెరిచే ఉంటుంది, నిజానికి తాళం వేసి ఉంటుంది. ఆ జీతం లెక్క కూడా చూడండి. 2017లో రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ 12.12 మిలియన్ డాలర్లు. 2023లో 10.09 మిలియన్లు. అదే ఆరేళ్ళలో ఒక్కో టీమ్ శాలరీ క్యాప్ (ఆటగాళ్ళ జీతాలన్నిటికీ కలిపి పరిమితి) 167 మిలియన్ల నుంచి 224.8 మిలియన్లకి పెరిగింది! అందరి వాటా పెరుగుతుంటే వీళ్ళది తగ్గింది. అదే 2023లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ట్యాగ్ 32 మిలియన్లకి పైనే.

సేక్వాన్‌కి ట్యాగ్ వేసిన రోజే, అంటే 2023 మార్చి 7నే, మన క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కి నాలుగేళ్ళకి 160 మిలియన్ల కాంట్రాక్టు ఇచ్చారు. జోన్స్ మీద నాకేం కోపం లేదు, ఇస్తుంటే ఎవరైనా తీసుకుంటారు. ఆ ఏడాది నవంబర్‌లో అతనికీ మోకాలు పోయింది, 2024 నవంబర్‌లో టీమే వదిలేసింది. మరి 160 మిలియన్లు ఏమయ్యాయి? అందులో గ్యారంటీ దాదాపు సగమే. ఎన్‌బీఏలో, బేస్‌బాల్‌లో సంతకం పెట్టిన డబ్బు దాదాపు మొత్తం చేతికొస్తుంది, ఇక్కడ మాత్రం హెడ్‌లైన్‌లో వచ్చే అంకె వేరు, గ్యారంటీ అంకె వేరు, టీమ్‌కి నచ్చకపోతే మిగతాది గాలికి పోతుంది. మన ఫ్యాన్స్ అడగాల్సిన ప్రశ్న ఇదే: టీమ్ మధ్యలో ఒప్పందం తెంపేస్తే బిజినెస్ అంటాం, ఆటగాడు ఒప్పందం పూర్తిగా ముగిసిన తర్వాత వెళ్తే ద్రోహం అంటాం, ఇదెక్కడి న్యాయం?

2018లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ రన్నింగ్ బ్యాక్ లివియాన్ బెల్ ఈ ట్యాగ్ మీద సంతకం పెట్టనని 14.5 మిలియన్లు వదులుకుని ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడూ అతన్నే స్వార్థపరుడన్నారు. సేక్వాన్ అంత దూరం పోలేదు. లాంగ్ టర్మ్ ఒప్పందానికి 2023 జూలై 17 గడువు, అది దాటిపోయింది, ఒప్పందం కుదరలేదు, బోనస్‌లు కలిపి 11 మిలియన్ల వరకు వచ్చేలా ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెట్టి క్యాంప్‌కి వచ్చేశాడు. సీజన్ రెండో మ్యాచ్‌లోనే చీలమండ దెబ్బతిని మూడు మ్యాచ్‌లు పోయాయి. ఆ దెబ్బ ఇంకాస్త గట్టిగా తగిలి ఉంటే మరుసటి ఏడాది అతన్ని ఎవరు పలకరించేవారు? ఏడాది కాంట్రాక్టులో ఆ రిస్కంతా ఆటగాడిదే, అందుకే వాళ్ళకి అంత టెన్షన్.

2024 మార్చిలో రెండోసారి ట్యాగ్ వేయలేదు. బయట నీ రేటెంతో చూసుకో అని పంపింది మన జనరల్ మేనేజర్ జో షేన్. సేక్వాన్ ఫిలడెల్ఫియాకి వెళ్తే నాకు నిద్ర పట్టడం కష్టం అని ఓనర్ జాన్ మారా హెచ్‌బీఓ కెమెరాల ముందే అన్నాడు. అంత బాధ ఉన్నవాళ్ళు ముందే గ్యారంటీ డబ్బు టేబుల్ మీద పెట్టాలి కదా! ఈగల్స్ మూడేళ్ళకి 37.75 మిలియన్లు, అందులో 26 గ్యారంటీ ఇచ్చింది. అతను 2,005 గజాలు పరిగెత్తాడు, తన పుట్టినరోజునే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు. ఆ టీమ్ వెంటనే పిలిచి ఇంకో రెండేళ్ళు పెంచి ఏడాదికి 20 మిలియన్లు దాటించింది. ఏ రన్నింగ్ బ్యాక్‌కీ అంతకుముందు అంత రాలేదు. మనం ఆ సీజన్ మూడు గెలిచి పద్నాలుగు ఓడాం.

రన్నింగ్ బ్యాక్‌కి అంత డబ్బు పోస్తే టీమ్ కట్టలేం, జెయింట్స్‌కి అప్పుడు సరైన ఆఫెన్సివ్ లైన్ (ముందుండి దారి చేసే వరస) కూడా లేదు కదా అని కొందరు అంటారు. ఆ మాటలో నిజం ఉంది, ఈగల్స్ లైన్ లేకపోతే అతను అన్ని గజాలు పరిగెత్తేవాడు కాడు. అయితే అంత డబ్బు పెట్టలేమనుకున్నప్పుడు 2023లోనే వదిలేయాలి, ఇరవై ఆరేళ్ళకే మార్కెట్‌కి వెళ్ళేవాడు. అతను అక్కర్లేదు, పక్కవాడికీ దక్కకూడదు అన్నట్టు ఏడాది పాటు ఆపి ఉంచడం ఏ టీమ్ ప్లానింగ్ కిందకీ రాదు.

ప్లేయర్స్ యూనియన్ మీద కూడా నాకు కోపమే. 2020లో లీగ్‌తో వచ్చిన ఒప్పందం ఆటగాళ్ళ ఓటింగ్‌లో 1,019కి 959 ఓట్లతో, అరవై ఓట్ల తేడాతో పాసైంది. ట్యాగ్ దాంట్లో అలాగే ఉండిపోయింది. ఏటా ట్యాగ్ పడేది కొద్దిమందికే, మిగతా వందల మందికి కనీస జీతం పెరిగితే చాలు, కాబట్టి దాని కోసం పట్టుబట్టేవాళ్ళు లేరు. ఆ ఒప్పందం 2030 సీజన్‌తో అయిపోతుంది. అప్పటికి ఈ ఒక్క రూల్ రావాలి: ఐదో ఏడాది ఆప్షన్ వాడుకున్న ఆటగాడి మీద ట్యాగ్ వేయకూడదు. ఐదేళ్ళు చాలు. అప్పటికీ వాడు కావాలంటే మిగతా టీమ్‌లతో పోటీపడి, గ్యారంటీ ఇచ్చి ఉంచుకోండి.